పాట మనది, గొంతు యంత్రానిది

జనవరి 26 ఉదయం. ఏ ఊళ్లో ఏ బడి ముందు నిలబడినా ఒకటే దృశ్యం. జెండా ముడి విడుతుంది. గుప్పెడు పూలరేకులు రాలతాయి. మాస్టారు సైగ చేయగానే ఎవరో మీట నొక్కుతారు. సౌండ్ బాక్సులోంచి 'జనగణమన' మొదలవుతుంది. చక్కని వాద్యాలు, పేరున్న గాయకుల గొంతులు. మైదానంలో వందలమంది పిల్లలు నిటారుగా నిలబడి ఉంటారు. దగ్గరికి వెళ్లి చూస్తే కదులుతున్న పెదవులు పదో పదిహేనో. మిగతావాళ్లంతా యంత్రం పాడడం ఎప్పుడు ముగుస్తుందా అని చూస్తుంటారు.

తర్వాతి ఆదివారం చర్చికి వెళ్దాం. వేదిక మీద కీబోర్డు, రిథమ్ ప్యాడ్, ముందే సిద్ధం చేసి తెచ్చిన ట్రాక్. నలుగురు మైకులు పట్టుకుని పాడతారు. స్పీకర్ల హోరుకు కిటికీ అద్దాలు అదురుతాయి. సంఘమంతా చప్పట్లు కొడుతుంది. పక్కన కూర్చున్న అమ్మ పాడుతోందో లేదో మనకు వినపడదు. మనం పాడుతున్నామో లేదో మనకే తెలియదు.

ఈ రెండు దృశ్యాలకూ సంబంధం ఏమిటని అడగవచ్చు. ఆ సంబంధం మన మదనపల్లెలోనే ఉంది. దేశమంతా లేచి నిలబడే ఆ పాట కథలో ఒక ముఖ్యమైన అధ్యాయం ఈ ఊళ్లోనే జరిగింది. అప్పుడు అక్కడ మైకు లేదు, రేడియో లేదు. పాడింది మనుషులు.

గొంతు కలిపిన సాయంత్రం

1919 ఫిబ్రవరి. దక్షిణాది పర్యటనలో ఉన్న రవీంద్రనాథ్ టాగోర్ మదనపల్లె వచ్చి బీసెంట్ థియసాఫికల్ కళాశాలలో కొన్ని రోజులు విశ్రాంతి తీసుకున్నారు. అనిబీసెంట్ పేరు పెట్టుకున్న ఈ కళాశాల 1915లో మొదలైంది. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లాండ్ నుంచి వచ్చిన కవి. ఆయన భార్య మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. ఐర్లాండ్‌లో ఒక మెథడిస్టు క్రైస్తవ కుటుంబంలో పుట్టి పెరిగి, ఆ తర్వాత దివ్యజ్ఞాన సమాజంలో చేరారు.

ఒక సాయంత్రం విద్యార్థులు, అధ్యాపకులు కూడిన చోట కజిన్స్ కోరిక మేరకు టాగోర్ ఒక బెంగాలీ పాట అందుకున్నారు. అదే 'జనగణమన'. అక్కడున్నవాళ్లకు బెంగాలీ రాదు. అయినా పల్లవి దగ్గరికి వచ్చేసరికి పిల్లలు గొంతు కలిపారు. పాట వారికి ఎంతగా పట్టుబడిందంటే, తర్వాత ఆ కళాశాల దాన్ని తన ప్రార్థనా గీతంగా చేసుకుంది.

అర్థం అడిగినవాళ్ల కోసం టాగోర్ ఆ పాటను స్వయంగా ఇంగ్లిషులోకి మార్చారు. దానికి 'భారతదేశపు ఉదయగీతం' అనే అర్థం వచ్చే పేరు పెట్టి, 1919 ఫిబ్రవరి 28 తేదీ వేసి సంతకం చేశారు. మార్గరెట్ కజిన్స్ ఆయన పాడుతుండగా విని, ఆ బాణీని పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపిగా కాగితం మీద పెట్టారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. జాతీయగీతం మదనపల్లెలోనే పుట్టిందని కొందరు అంటుంటారు. అది సరికాదు. టాగోర్ దాన్ని 1911లోనే రాశారు. ఆ ఏడాది డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ మహాసభలో మొదటిసారి పాడారు. మదనపల్లెలో జరిగింది రెండు పనులు. పాట అర్థం బెంగాల్ దాటింది. పాట బాణీ కాగితం ఎక్కింది. ఈ రెండూ చిన్న పనులు కావు. కవి గొంతులో మాత్రమే ఉన్న పాట కవి వెళ్లిపోతే వెళ్లిపోతుంది. స్వరలిపి రాసి ఉంటే, ఆ కవిని ఎన్నడూ చూడనివాడు కూడా దాన్ని వాయించగలడు, పదిమందికి నేర్పగలడు.

ఆ రోజులు ఎలాంటివో కూడా గుర్తు చేసుకుందాం. మదనపల్లెలో టాగోర్ ఆ కాగితం మీద సంతకం చేసిన ఆరు వారాలకే, ఏప్రిల్ 13న, అమృతసర్‌లో జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగాయి. ఆ దుఃఖంతోనే ఆయన మే నెలాఖరులో బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన 'సర్' బిరుదును వదులుకున్నారు. ఈ పాట బ్రిటిష్ చక్రవర్తిని పొగుడుతూ రాసిందన్న అపవాదు చాలాకాలం నడిచింది. తాను కీర్తించిన భాగ్యవిధాత ఏ జార్జి చక్రవర్తీ కాలేడని, యుగయుగాలుగా మనిషి ప్రయాణాన్ని నడిపించేవాడే ఆయనని టాగోర్ 1937లో ఒక ఉత్తరంలో తేల్చి చెప్పారు. అంటే ఈ పాట ముందు ఒక ప్రార్థన. జాతీయగీతం అయింది ఆ తర్వాతే.

రేడియో, రికార్డు, వెండితెర

మదనపల్లె నుంచి మనం కొంచెం దూరం వెళ్లాలి. ఈ ప్రార్థన జాతీయగీతంగా మారిన దారిలో యంత్రాల పాత్ర చాలా ఉంది. దాన్ని కాదనడం న్యాయం కాదు.

1942 సెప్టెంబర్ 11న జర్మనీలోని హాంబర్గ్ నగరంలో సుభాష్ చంద్రబోస్ పాల్గొన్న ఒక సభలో అక్కడి రేడియో వాద్యబృందం ఈ బాణీని వాయించింది. మరుసటి ఏడాది ఆజాద్ హింద్ ప్రభుత్వం ఇదే బాణీ ఆధారంగా హిందుస్తానీ మాటలతో తన గీతాన్ని తయారు చేసుకుంది. 1945లో బిమల్ రాయ్ తీసిన 'హమ్‌రాహీ' హిందీ చిత్రంలో ఈ పాట వినిపించింది. అప్పటికి అది ఇంకా జాతీయగీతం కాదు. సినిమా హాల్లో టిక్కెట్టు కొన్న మామూలు జనం చెవిలో పడింది.

అసలు మలుపు 1947లో వచ్చింది. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సమావేశాల సందర్భంగా భారత ప్రతినిధులను మీ జాతీయగీతం ఇవ్వండి, మా వాద్యబృందం వాయిస్తుంది అని అడిగారు. అప్పటికి మనకు అధికారికంగా గీతం లేదు. మనవాళ్ల దగ్గర ఉన్నది జనగణమన రికార్డు ఒకటి. దాన్ని విని ఆ వాద్యకారులు సాధన చేసి వాయించారు. వివిధ దేశాల వాళ్లు ఆ బాణీని మెచ్చుకున్నారు. ఈ సంగతిని 1948 ఆగస్టు 25న రాజ్యాంగ సభలో చెప్పింది ప్రధాని నెహ్రూ. వాద్యాల మీద పలికించడానికి అనువైన బాణీ కావడం ఈ పాటను ఎంచుకోవడానికి ఒక ముఖ్య కారణమని ఆయన వివరించారు. వాద్యబృందం కోసం దాన్ని కూర్చే పనిలో హెర్బర్ట్ మురిల్ అనే ఆంగ్ల సంగీతకారుడు కూడా చేయి వేశారు.

చివరికి 1950 జనవరి 24న రాజ్యాంగ సభ ఆఖరి సమావేశంలో జనగణమన జాతీయగీతమని అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ ప్రకటించారు. ఆ రోజు రికార్డు పెట్టి ఊరుకోలేదు. పూర్ణిమా బెనర్జీ, మరికొందరు సభ్యులు స్వయంగా పాడారు. సభ అంతా లేచి నిలబడింది. 1919లో మదనపల్లె పిల్లలు చేసినట్టే, అక్కడ కూడా పాట మనిషి నోటినుంచే వచ్చింది.

ఆ తర్వాత ఆకాశవాణి దాన్ని ఇంటింటికీ చేర్చింది. రాయలసీమకు 1963లో కడప కేంద్రం వచ్చింది. కుప్పంలో అయితే రేడియో ముల్లు కాస్త ఇటు తిప్పితే కన్నడం, అటు తిప్పితే తమిళం. మూడు రాష్ట్రాలు కలిసే ఆ మూలన తెలుగు, తమిళం, కన్నడం ఒకే వీధిలో వినిపిస్తాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ పెట్టడానికి అది తగిన చోటే. ఆ మూడు భాషల పిల్లలూ ఒకే వరుసలో నిలబడి, ముగ్గురికీ మాతృభాష కాని ఒక పాటను పాడతారు. ఇది రేడియో, రికార్డు చేసిన మేలు. ఒప్పుకోవాలి.

మనం వినని చరణం

అయితే యంత్రం మనకు మోసుకొచ్చింది ఎంత? మొత్తం వాయిస్తే సుమారు 52 సెకన్లు. క్లుప్తంగా వాయిస్తే సుమారు 20 సెకన్లు. టాగోర్ రాసిన పాటలో అయిదు చరణాలున్నాయి. జాతీయగీతంగా తీసుకున్నది మొదటి చరణం మాత్రమే. మనం రికార్డులో విన్నదీ, బడిలో నేర్చుకున్నదీ అదే.

రెండో చరణంలో ఏముందో మనలో ఎంతమందికి తెలుసు? అక్కడ కవి ఈ దేశపు మతస్థులను పేరుపేరునా పిలుస్తాడు. హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు, పారశీకులు, ముస్లింలు. ఆ వరుసలో క్రైస్తవుల పేరు కూడా ఉంది. తూర్పు, పడమర రెండూ ఆ సింహాసనం దగ్గరికి వచ్చి ప్రేమ అనే దండను అల్లుతాయని కవి ఊహ.

1911 నాటి పరిస్థితి తలుచుకోండి. అప్పట్లో క్రైస్తవం అంటే తెల్లదొరల మతం అనే మాట వాడుకలో ఉంది. పుంగనూరు పక్క పల్లెలో ఒక పేద రైతుకూలీ బాప్తిస్మం తీసుకుంటే, వీడు పరాయివాడైపోయాడని ఊరు అనుకునే రోజులు. అలాంటి కాలంలో క్రైస్తవుడు కాని ఒక కవి, దేశం కోసం చేసే ప్రార్థనలో 'వీళ్లూ నా వాళ్లే' అని మన పేరు రాసి పెట్టాడు. మనల్ని ఎవరైనా పరాయివాళ్లు అంటే బాధపడతాం. మనల్ని తన వాళ్లన్న చరణాన్ని మాత్రం ఇప్పటిదాకా చదివి ఉండం.

నాలుగో చరణంలో దేశం చీకటి రాత్రిలో పడి మూర్ఛపోయి ఉంటుంది. అప్పుడు దేవుడు రెప్పవేయని చూపుతో, తల్లిలా ఒడిలోకి తీసుకుని కాపాడతాడు. అయిదో చరణంలో తెల్లవారుతుంది, తూర్పు కొండ మీద సూర్యుడు లేస్తాడు. మదనపల్లెలో టాగోర్ దీనికి ఉదయగీతం అని ఎందుకు పేరు పెట్టారో అక్కడికి వస్తేగాని అర్థం కాదు. ఈ నాలుగు చరణాలూ బడిలోని సౌండ్ బాక్సులో రావు. పుస్తకం తెరవాలి, నోరు తెరవాలి.

మౌనంలో రెండు రకాలు

పాడకపోవడం ఎప్పుడూ తప్పేనా? కాదు. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలను బడినుంచి పంపేశారు. వాళ్లు యెహోవా సాక్షుల కుటుంబానికి చెందినవాళ్లు. అసెంబ్లీలో జనగణమన వస్తుంటే గౌరవంగా లేచి నిలబడేవారు కానీ, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కాదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1986 ఆగస్టులో తీర్పు వచ్చింది. తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఆ ధర్మాసనంలో ఉన్నారు. గౌరవంగా నిలబడినవాడు పాడకపోయినంత మాత్రాన అవమానించినట్టు కాదని, ఆ పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోవాలని కోర్టు చెప్పింది. పాట పట్ల గౌరవాన్నీ, మనస్సాక్షి పట్ల గౌరవాన్నీ ఒకే తీర్పులో నిలబెట్టిన సందర్భం అది.

మరో సంగతి. 2016 నవంబర్ 30న సినిమా హాళ్లలో ప్రతి ఆటకు ముందు జాతీయగీతం వేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2018 జనవరి 9న అది తప్పనిసరి కాదని సవరించింది. ఈ మధ్య ఏడాదిలో తెర మీద జెండా రెపరెపలాడింది, స్పీకర్లు పాడాయి, జనం నిలబడ్డారు. పాడినవాళ్లు ఎందరు?

ఈ రెండు మౌనాలూ ఒకటి కావు. కేరళ పిల్లల మౌనం వెనుక ఆలోచన ఉంది, నమ్మకం ఉంది, దానికోసం బడి పోగొట్టుకునే ధైర్యం ఉంది. సినిమా హాల్లో మన మౌనం వెనుక ఏముంది? యంత్రం పాడుతోంది కదా అన్న బద్ధకం. మొదటి మౌనాన్ని గౌరవించాలి. రెండోదాని గురించి సిగ్గుపడాలి.

మన మందిరాల మాట

ఇప్పుడు మళ్లీ ఆదివారం ఆరాధనకు వద్దాం. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ డాక్టర్ జేకబ్ ఛాంబర్లేన్ 1863లో మదనపల్లెలో ఆర్కాట్ మిషన్ పని మొదలుపెట్టాడు. పుంగనూరు వైపూ ఆ పని సాగింది. బజారులో నిలబడి ముందు ఒక తెలుగు పాట పాడితే జనం పోగయ్యేవారని, ఆ తర్వాతే మాటలు మొదలుపెట్టేవాళ్లమని ఆయన తన పుస్తకాల్లో రాశాడు. ఆయన చేతిలో మైకు లేదు. పక్కనున్న స్థానిక విశ్వాసుల గొంతులే ఆయనకు బలం.

పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి కవులు మన రాగాల్లో, మన తాళాల్లో క్రైస్తవ కీర్తనలు కట్టారు. ఇవాళ్టికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు ఉంటాయి. అక్షరం రాని అవ్వలు వాటిని చరణం తప్పకుండా పాడేవారు. బైబిలు చదవలేని మనిషికి ఆ కీర్తనే బైబిలు. పొలంలో నాట్లు వేస్తూ, పిల్లను జోకొడుతూ ఆమె పాడుకున్నది వాక్యమే.

తర్వాత కొత్త సాధనాలు వచ్చాయి. 1970లో సీషెల్స్ దీవుల్లో ఫెబా క్రైస్తవ రేడియో మొదలై, 2003 దాకా హిందూ మహాసముద్రం మీదుగా మన భాషలు పలికింది. 1978లో విజయచందర్ క్రీస్తుగా నటించిన 'కరుణామయుడు' సినిమా వచ్చింది. ఆ పాటలు చర్చి గడప ఎన్నడూ తొక్కనివారి నోళ్లలో కూడా ఆడాయి. ఆ వెనకే క్యాసెట్లు, సీడీలు, ఇప్పుడు సెల్‌ఫోను. మంచం పట్టిన ముసలివాళ్లకు, పల్లెలో ఒంటరిగా ఉన్న విశ్వాసికి ఇవి ఎంత ఆదరణ ఇచ్చాయో చెప్పలేం. రాత్రి నిద్రపట్టని రోగి పక్కన పాడడానికి మనిషి లేనప్పుడు చిన్న రేడియో పాడింది. అది దేవుడిచ్చిన సాధనమే.

చిక్కు ఎక్కడంటే, మనిషి లేనప్పుడు పాడడానికి వచ్చిన యంత్రం, మనిషి ఉన్నప్పుడు కూడా పాడడం మొదలుపెట్టింది. ట్రాక్ శ్రుతి తప్పదు, తాళం తప్పదు. దాని పక్కన మన గొంతు మనకే నామోషీగా తోచింది. నేను బాగా పాడలేను అన్న అక్క పాడడం మానేసింది. ఆ తర్వాత అన్న మానేశాడు. చివరికి నలుగురు పాడేవాళ్లు, నాలుగు వందలమంది వినేవాళ్లు మిగిలారు. ఇది ఏ ఒక్కరి తప్పూ కాదు. కీబోర్డు వాయించే కుర్రాడి తప్పు అసలే కాదు. మెల్లమెల్లగా మనమందరం కలిసి తెచ్చుకున్నది.

ప్రభువు తన చివరి రాత్రి శిష్యులతో భోజనం చేశాక, ఒలీవల కొండకు బయలుదేరేముందు వాళ్లంతా కలిసి కీర్తన పాడారని మత్తయి సువార్త 26వ అధ్యాయం చెబుతుంది. ఆ పన్నెండు మందిలో ఎవరి గొంతు బాగుందో సువార్తికుడు రాయలేదు. కాసేపట్లో బొంకబోయే పేతురు కూడా ఆ పాటలో ఉన్నాడు. ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి పౌలు, సీల పాడుతుంటే తోటి ఖైదీలు చెవి ఒగ్గి విన్నారని అపొస్తలుల కార్యాలు 16వ అధ్యాయంలో చదువుతాం. వాళ్ల వీపుల మీద దెబ్బలు పచ్చిగా ఉన్నాయి, కాళ్లు బొండలో ఉన్నాయి. అలాంటి గొంతు శ్రుతిలో ఉండి ఉంటుందా? అయినా ఆ రాత్రి ఆ జైలుకు కావలసింది ఆ గొంతే. పౌలే మరోచోట, ఆత్మతోనూ మనసుతోనూ పాడాలని, తెలిసి పాడాలని కొరింథు సంఘానికి చెప్పాడు. తెలిసి పాడడం ఏ పెట్టెకూ చేతకాదు.

ఒక చిన్న పని

అందుకని కీబోర్డులు అమ్మేయమని చెప్పడం లేదు. సెల్‌ఫోన్లో పాటలు తీసేయమనీ కాదు. రెండు చిన్న పనులు చేసి చూద్దాం.

ఈసారి జెండా పండుగకు మీ పిల్లల బడిలో సౌండ్ బాక్సును ఒక్క 52 సెకన్లు ఆపమని మాస్టారిని అడగండి. అంతకుముందు వారం రోజులు పిల్లలకు పాట నేర్పి, ప్రతి మాటకూ అర్థం చెప్పండి. ఇంట్లో మీరు ఆ రెండో చరణం వెతికి చదివి, ఇందులో మన పేరుంది చూడరా అని పిల్లాడికి చూపించండి. పక్కింటి ముస్లిం పిల్లవాడి పేరు, ఎదురింటి హిందూ పిల్లవాడి పేరు కూడా అదే వరుసలో ఉన్నాయని చెప్పండి. ఎవరినీ పరాయివాళ్లుగా చూడకూడదని వాడికి వేరే పాఠం అక్కర్లేదు.

ఆదివారం ఆరాధనలో ఒక్క కీర్తన, కేవలం ఒక్కటి, ఏ వాద్యమూ లేకుండా పాడమని మీ పాస్టరుగారిని అడగండి. అన్ని చరణాలూ పాడాలి. మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. ఒకరు ముందుకు పోతారు, ఒకరు వెనకపడతారు. రెండో చరణానికి ఒకరి గొంతు ఒకరు వింటారు. మూడో చరణానికి వెనుక బెంచీలోంచి ఒక అవ్వ గొంతు లేస్తుంది. ఇన్నేళ్లుగా ఆమె మీ సంఘంలోనే ఉంది. ఆమె పాడుతుందని మీకు ఇప్పుడే తెలుస్తుంది.

1919లో మదనపల్లెలో టాగోర్ పక్కన గొంతు కలిపిన విద్యార్థుల పేర్లు చరిత్ర రాసుకోలేదు. వాళ్లకు భాష రాదు, సంగీతం రాదు. పాట వినిపించింది, నోరు తెరిచారు. ఆ పాట ఆ తర్వాత సముద్రాలు దాటింది. మనకు భాష వచ్చు, పాట వచ్చు. మనం చేయాల్సింది నోరు తెరవడమే.